ముస్తఫా ఈడుస్తున్నాడు, మారియో బాగానే పరుగెత్తుతున్నాడు: తప్పు బోర్డుదా, టీవీదా?

హంద్రీఒడ్డు
కర్నూలులో మా నాన్నగారి ఇంట్లో 1999లో కొన్న 21 అంగుళాల డబ్బా టీవీ ఇంకా పనిచేస్తోంది. పాత సామాన్లవాడికి ఇచ్చేయడానికి మనసొప్పక, దాని మీద చిన్ననాటి ఆటలు ఆడుకోవచ్చునని ఒక మిత్రుడు కొన్నాళ్ళు వాడి పక్కన పెట్టేసిన రాస్ప్‌బెర్రీ పై 3 అనే చిన్న కంప్యూటరు బోర్డును 1,500 రూపాయలకు తీసుకున్నాను. 32 జీబీ మెమరీ కార్డులోకి పాత ఆటలను నడిపే రెట్రోపై అనే సాఫ్ట్‌వేరు ఎక్కించి, బోర్డుకున్న ఇయర్‌ఫోన్ రంధ్రంలోంచే వీడియో కూడా వస్తుందని తెలుసుకుని, మూడు రంగుల తీగతో టీవీ వెనుక కలిపాను. మొదట బొమ్మ నలుపు తెలుపుల్లో వచ్చింది. ఒక వీడియో చూసి కాన్ఫిగ్ ఫైలులో ఒక అంకె మార్చాక రంగులు వచ్చాయి.

ఇప్పుడు నా సమస్య వేరే. చిన్నప్పుడు ఇంట్లో టీవీకి తగిలించుకుని ఆడిన క్యాసెట్ ఆటలు, అంటే మారియో, కాంట్రా వంటివి, అచ్చం నాకు గుర్తున్నట్టే నడుస్తున్నాయి. రాజ్‌విహార్ వైపు ఒక వీడియో గేమ్ అంగడిలో రూపాయి బిళ్ళ వేసి ఆడిన ముస్తఫా ఆట మాత్రం మోకాటి లోతు నీళ్ళలో నడుస్తున్నట్టు సాగుతోంది. గుద్దు పడటానికి ఆలస్యమవుతోంది, వెనుక సంగీతం ఈడ్చుకుపోతోంది. బోర్డు అదే, కార్డు అదే, టీవీ అదే అయినప్పుడు ఒక ఆట సరిగా ఉండి మరొకటి నెమ్మదించడానికి కారణమేమిటి? ముస్తఫా ఆట ఈ బోర్డుకు బరువవుతోందా? దీని తరువాతిదైన రాస్ప్‌బెర్రీ పై 4 కొనవలసిందేనా? టీవీ స్పీకరు కూడా మధ్యమధ్య చిటపటమంటోంది కానీ, అది పాతబడినందువల్ల కావచ్చు.

ఉగ్గాని_బజ్జీ
ఆ ఆట అసలు పేరు క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్. మన సీమలో ఆ పేరు చెబితే ఎవరూ పలకరు. ముస్తఫా అంటే ఆటో నడిపే అన్న నుంచి బ్యాంకు మేనేజరు దాకా అందరూ తల తిప్పి చూస్తారు. నలుగురు వీరులలో మిగిలిన ముగ్గురి పేర్లు నాకు ఇప్పటికీ తెలియవు.

నల్లబండ_కడప
ఇది వేడి వల్ల వచ్చిన నెమ్మదితనమని నా అనుమానం. ప్రాసెసరు 80 డిగ్రీలకు చేరితే ఆ బోర్డు తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. పోయిన మే నెలలో మా ఇంట్లో మధ్యాహ్నం మూడు గంటలకు ఇదే జరిగింది. పైన రేకుల కప్పు, కింద గాలి ఆడని ప్లాస్టిక్ డబ్బా, దాని మీద దుమ్ము పడకుండా మా అబ్బాయి కప్పిన తువ్వాలు. చివరికి బోర్డును డబ్బాలోంచి తీసి, చల్లగా ఉంటుందని నేల మీది కడప బండ మీద పెట్టాను. మన ఊరి బండకు ఆ మాత్రం శక్తి లేకపోతుందా?

సోల్డరు_పొగ
వేడిని లాగే విషయంలో అల్యూమినియం మీ బండ కన్నా నూరు రెట్లకు అటూ ఇటూగా మేలు. మధ్యాహ్నం నిద్రకు బండను మించినది లేదని నేనూ ఒప్పుకుంటాను. బోర్డుకు మాత్రం చిన్న హీట్ సింక్ అతికించి, ముందు ఆ తువ్వాలు తీయించండి.

గండికోట_రాత్రి
అసలు ఆ బోర్డు కొనడమే పొరపాటు. ఆఫీసుల్లో తీసిపారేసిన పాత డెస్క్‌టాప్ కంప్యూటరు రెండు మూడు వేలకు దొరుకుతుంది. పెన్‌డ్రైవులో రెట్రోపై వంటిదే అయిన బటోసెరా ఎక్కించి దానితో బూట్ చేస్తే, లోపలి హార్డ్ డిస్కును ముట్టుకోకుండానే వందల రకాల పాత యంత్రాలు పలుకుతాయి. ప్రొద్దుటూరులో మా తమ్ముడి ఇంట్లో ఇలాంటిదే రెండేళ్ళుగా ఏ చికాకూ లేకుండా నడుస్తోంది. బోర్డు, అడాప్టరు, కార్డు, డబ్బా, హీట్ సింక్, తీగ అని ఒక్కొక్కటే కొనుక్కుంటూ పోతే చవక బోర్డు చవక కాకుండా పోతుంది.

సోల్డరు_పొగ
మీరు చెప్పిన లెక్క ఎల్‌సీడీ టీవీ ఉన్నవారికి సరిపోతుంది. హంద్రీఒడ్డు గారిది డబ్బా టీవీ. ఆఫీసు కంప్యూటరుకు పసుపు రంగు ఏవీ పిన్ను పెట్టే చోటు ఎక్కడుంది? మారుపరికరం (కన్వర్టరు) కొనాలి, దానితో బొమ్మ మసకబారుతుంది. ఇలాంటి టీవీకి నేరుగా బొమ్మ ఇవ్వగలగడమే ఈ చిన్న బోర్డులకున్న గొప్ప సుగుణం. పై 5లో ఇయర్‌ఫోన్ రంధ్రమే తీసేశారు, ఏవీ కావాలంటే బోర్డు మీది గుర్తుల దగ్గర తీగలు అతకాలి. పై 4లో రంధ్రం ఉంది కానీ, ఏవీని ప్రత్యేకంగా ఆన్ చేయాలి.

హంద్రీఒడ్డు గారికి మూడు ప్రశ్నలు. తెర మూలలో పసుపు మెరుపు గుర్తు కనిపిస్తోందా? కాన్ఫిగ్ ఫైలులో మీరు మార్చిన అంకె ఏది? చిటపట శబ్దం ముస్తఫాలోనే వస్తోందా, మారియోలో కూడానా?

హంద్రీఒడ్డు
మెరుపు గుర్తు రాలేదు. అడాప్టరు 2.5 ఆంపియర్లది. వేడి కూడా చూశాను, 61 డిగ్రీలు దాటలేదు. మార్చిన వరుస ఎస్‌డీటీవీ_మోడ్, అక్కడ 0 తీసి 2 పెట్టాను. చిటపట రెండు ఆటల్లోనూ ఉందని మీరు అడిగాక గమనించాను.

తాడిపత్రి_అక్క
మెరుపు గుర్తు లేకపోవడం మంచిదే. మా ఇంట్లో ఫోను ఛార్జరుకు సన్నటి తీగ పెట్టి నడిపినంత కాలం అది రోజూ పలకరించేది. బోర్డుకు అందే కరెంటు 4.63 వోల్టుల కన్నా తగ్గితే ఆ గుర్తు వస్తుందట. ఛార్జరు మంచిదే, తీగ దగ్గర పోతోందని తేలడానికి మాకు నెల పట్టింది.

సోల్డరు_పొగ
ఇక విషయం తేటపడింది. బోర్డులో లోపం లేదు, పై 4 అవసరం అంతకన్నా లేదు.

మన దేశంలో 1982లో రంగుల ప్రసారాలు మొదలైనప్పుడు పాల్ పద్ధతిని తీసుకున్నారు. అందులో తెర సెకనుకు 50 సార్లు గీయబడుతుంది. జపాను, అమెరికాలలో అప్పట్లో ఉన్నది ఎన్‌టీఎస్‌సీ, అక్కడ సెకనుకు దాదాపు 60 సార్లు. బోర్డు మొదట్లో ఎన్‌టీఎస్‌సీ పంపింది, మీ టీవీ అందులోని రంగును గుర్తుపట్టలేక నలుపు తెలుపు చూపింది. 2 అంటే పాల్. దానితో రంగులు వచ్చాయి, తెర 50కి దిగింది.

పాత ఆటలు గడియారం చూసుకుని నడవవు. తెర ఒకసారి గీయబడితే ఒక అడుగు వేస్తాయి, అంతే. తెర సెకనుకు 60 సార్లు వస్తుందనుకుని రాసిన ఆటను 50 సార్లు వచ్చే తెర ముందు నిలబెడితే, ఎమ్యులేటరు, అంటే పాత యంత్రంలా నటిస్తూ ఆటను నడిపే ప్రోగ్రాము, ప్రతి ఫ్రేముకూ (తెర మీది ఒక్కో బొమ్మకూ) తెర కోసం ఆగుతుంది, ఆట ఆరింట ఐదు వంతుల వేగంతో నడుస్తుంది. ఒక నిమిషంలో జరగవలసిన పోరాటం 72 సెకన్లు పడుతుంది. ఎమ్యులేటరు సెకనుకు సరిపడా శబ్దం తయారుచేయలేకపోవడం వల్ల మధ్యమధ్య ఖాళీలు పడతాయి. మీరు టీవీ స్పీకరు మీద వేసిన నింద ఆ ఖాళీలదే.

హంద్రీఒడ్డు
మీరు చెప్పినది అర్థమైంది కానీ, అదే నిజమైతే మారియో కూడా నెమ్మదించాలి కదా. అది నాకు సరిగ్గానే ఉంది. ఆ ఆటను నేను వేలసార్లు ఆడాను, పొరబడే అవకాశం లేదు.

గండికోట_రాత్రి
ఇక్కడ హంద్రీఒడ్డు గారి మాటే సబబు. తెర తప్పైతే రెండు ఆటలకూ తప్పే. రెండింటికీ వాడే ఎమ్యులేటర్లు వేరు కాబట్టి, నా లెక్కలో ముస్తఫా నడిపే ఎమ్యులేటరు అమరికల్లోనే ఏదో ఉంది.

సోల్డరు_పొగ
చేతిలో గడియారం ఉండగా వాదన ఎందుకు? మారియో మొదటి దశ మొదలుపెట్టి, మీట ముట్టుకోకుండా ఊరికే నిలబడండి. ఒక్క శత్రువు కూడా రాదు. పైన టైము 400 నుంచి తగ్గుతూ వస్తుంది. అవి సెకన్లు కావు, ఆటలో ప్రతి 24 ఫ్రేములకు ఒక అంకె తగ్గుతుంది. 400 నుంచి 300కి రావడానికి 2,400 ఫ్రేములు. తెర 60 అయితే 40 సెకన్లు పట్టాలి, 50 అయితే 48 సెకన్లు. ఫోనులో స్టాప్‌వాచ్ పెట్టి చూసి చెప్పండి.

ఉగ్గాని_బజ్జీ
మారియోను కదలకుండా నిలబెట్టడం మా ఇంట్లో ఎవరివల్లా కాదు. ఈ పరీక్షకు పెద్దవాళ్ళనే కూర్చోబెట్టాలి.

హంద్రీఒడ్డు
మూడుసార్లు కొలిచాను. మూడుసార్లూ 48 సెకన్లే, చేతి పొరపాటు అర సెకను ఉంటుంది. అంటే మారియో కూడా నెమ్మదిగానే నడుస్తున్నాడు. మరి నా చెవికి ఆ పాట సరైనదిగా ఎందుకు వినిపిస్తోంది? నిన్న రాత్రి ఇదే ఆలోచనతో నిద్ర పట్టలేదు.

రూపాయిబిళ్ళ
దీనికి సమాధానం నా దగ్గరుంది. 1995 నుంచి 2004 వరకు ఆదోనిలో నాకు వీడియో గేమ్ అంగడి ఉండేది. పక్కనే గంటకు పది రూపాయల చొప్పున టీవీ గేములు అద్దెకు కూడా ఇచ్చేవాణ్ణి, కాబట్టి రెండు రకాల యంత్రాలనూ విప్పి చూసినవాణ్ణి.

ఇళ్ళలో మనం ఆడినవి నింటెండో అసలు యంత్రాలు కావు. 1983లో జపానులో వచ్చిన ఫామికామ్‌కు నకళ్ళు. వాటిని పాల్ టీవీలున్న దేశాల్లో అమ్మడానికి, క్యాసెట్ మాత్రం జపాను, అమెరికా ఆటదే ఉంచి, యంత్రాన్ని 50కి సరిపడేలా మార్చి తయారుచేశారు. లోపలి ప్రాసెసరు వేగం అసలుదానికి దాదాపు సమానంగా ఉండటం వల్ల స్వరం పెద్దగా మారదు, నడక మాత్రమే మందగిస్తుంది. హంద్రీఒడ్డు గారు వేలసార్లు ఆడిన మారియో మొదటినుంచీ ఆరింట ఐదు వంతుల మారియోయే. ఆయన జ్ఞాపకంలో తప్పు లేదు, ఆ జ్ఞాపకమే 50లో పడింది.

అంగడిలోని యంత్రాల సంగతి వేరు. ముస్తఫా బోర్డు క్యాప్‌కామ్ 1993లో చేసినది, దాని తెర వేగం 60కి కాస్త తక్కువ. అది పాల్ తెలియదు, ఎన్‌టీఎస్‌సీ తెలియదు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు తీగల్లో నేరుగా బొమ్మను పంపేది. నేను బెంగళూరు నుంచి సెకండ్ హ్యాండ్ బోర్డులు తెచ్చి, పాత టీవీ లోపలి చాసిస్‌కు ఆ మూడు తీగలు అతికించి నడిపాను. అందువల్ల అంగడిలో ముస్తఫా కర్నూలులోనైనా, టోక్యోలోనైనా ఒకే వేగంతో నడిచాడు. ఇంట్లో ఒక కాలం, అంగడిలో మరొక కాలం. మీ బోర్డు ఇప్పుడు రెండింటినీ ఇంటి కాలంలో నడుపుతోంది.

ఉగ్గాని_బజ్జీ
నా బాల్యం మొత్తం ఆరింట ఐదు వంతులేనని ఈ రోజు తెలిసింది. మిగిలిన ఒక వంతు ఎవరి దగ్గర వసూలు చేయాలి?

గండికోట_రాత్రి
నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఇకనైనా అన్నింటినీ 60కి మార్చమని మాత్రం చెబుతాను. ఆట రాసినవారు ఏ వేగాన్ని ఉద్దేశించారో అదే సరైనది. నకలు యంత్రం చేసినవాడి సర్దుబాటును మన జ్ఞాపకం పేరుతో కాపాడుకోవడమెందుకు?

తాడిపత్రి_అక్క
నేను ఒప్పుకోను. మా అన్నయ్య, నేను కాంట్రాలో చివరి దశ దాకా వెళ్ళింది ఆ నకలు యంత్రం మీదే. ఇప్పుడు 60లో పెట్టి ఆడితే రెండో దశ దాటలేకపోతున్నాను. వయసు మీద పడిందనుకున్నాను, రూపాయిబిళ్ళ గారు చెప్పాక కాస్త ఊరట కలిగింది. మేము ఎవరికీ పోటీగా ఆడటం లేదు. మాకు కావలసింది ఆనాటి ఆట.

గండికోట_రాత్రి
రెండో దశలో వయసు వాటా కూడా ఉందేమో చూసుకోండి.

పాతమాస్టారు_అనంత
ఆట రాసినవారి ఉద్దేశమే కొలమానమైతే అన్నింటినీ 60కి మార్చడం కూడా తప్పే అవుతుంది. కొన్ని యంత్రాలు పుట్టుకతోనే 50వి.

కేంద్ర ప్రభుత్వం 1984లో బడిపిల్లలకు కంప్యూటరు నేర్పడానికి క్లాస్ అనే పథకం మొదలుపెట్టింది. ఆ పథకంలో మా బడికి బీబీసీ మైక్రో యంత్రాలు వచ్చాయి. 32 కిలోబైట్ల మెమరీ, 2 మెగాహెర్ట్జ్ ప్రాసెసరు. వాటిని దుమ్ము నుంచి కాపాడటం పాఠం చెప్పడం కన్నా పెద్ద పనిగా ఉండేది. పదవీ విరమణ తరువాత మా మనుమడు ఒక రాస్ప్‌బెర్రీ పై తెచ్చి, దానిలో ఆ యంత్రాన్ని లేపి చూపించాడు. తెర మీద కమాండు కోసం ఎదురుచూసే ఆ గుర్తు ప్రత్యక్షమైనప్పుడు, ముప్పై ఏళ్ళుగా కొట్టని కమాండ్లు నా వేళ్ళకు వాటంతటవే వచ్చాయి.

అక్కడే ఒక ముడి పడింది. మనుమడు ఎల్‌సీడీ టీవీకి 60లో కలిపాడు. బీబీసీ మైక్రో ఇంగ్లండులో పాల్ టీవీల కోసం పుట్టింది కాబట్టి దాని తెర 50. ఆ రెండింటికీ పొంతన కుదరక, తెర మీద బొమ్మ పక్కకు జరిగినప్పుడల్లా తడబడేది. మీకు 60 కావాలి, నాకు 50 కావాలి. హెచ్‌డీఎమ్‌ఐలో 720 గీతలతో 50 వేగంతో నడిచే విధానానికి కాన్ఫిగ్ ఫైలులో 19వ సంఖ్య ఉంది. అది పెట్టాక తడబాటు పోయింది.

ఆ బోర్డుకూ ఆ యంత్రానికీ చుట్టరికం ఉందని కూడా మనుమడే చెప్పాడు. బీబీసీ మైక్రోను చేసిన ఏకార్న్ సంస్థలోనే 1985లో తొలి ఆర్మ్ ప్రాసెసరు తయారైంది. ఈ చిన్న బోర్డుల ప్రాసెసర్లు ఆ వంశంలోవే. 2012లో బోర్డు వచ్చినప్పుడు దానికి మోడల్ ఎ, మోడల్ బి అని పేర్లు పెట్టింది కూడా బీబీసీ మైక్రోను తలచుకునే. ఆ యంత్రం మీద 1984లో ఇయాన్ బెల్‌తో కలిసి ఎలైట్ అనే అంతరిక్ష వ్యాపారపు ఆట రాసిన డేవిడ్ బ్రాబెన్, తరువాత రాస్ప్‌బెర్రీ పై ఫౌండేషన్ స్థాపకుల్లో ఒకరయ్యారు. అంటే ఈ బోర్డు మీద నడుస్తున్న బీబీసీ మైక్రో, మనుమడి భుజమెక్కి కూర్చున్న తాత.

ఉగ్గాని_బజ్జీ
మా బడిలో కంప్యూటరు గదికి తాళం ఉండేది, ఆ తాళంచెవి ప్రధానోపాధ్యాయుల దగ్గర ఉండేది, ఆయన బదిలీ మీద వెళ్ళిపోయారు. మాస్టారు గారి విద్యార్థులు అదృష్టవంతులు.

హంద్రీఒడ్డు
మాస్టారు గారూ, మీ మాటతో నా చిక్కు ఇంకా పెరిగింది. మారియో 50లో కావాలి, ముస్తఫా 60లో కావాలి. నా టీవీ మాత్రం 60లో రంగు చూపించదు.

రూపాయిబిళ్ళ
మీ టీవీకి 60 చేతకాదని అనుకోకండి. మొదట్లో నలుపు తెలుపుల్లోనైనా బొమ్మ దొర్లిపోకుండా నిలకడగా వచ్చిందంటే ట్యూబు 60ని ఒప్పుకుందనే అర్థం. ఒప్పుకోనిది రంగు ఒక్కటే. 1999 టీవీ అంటున్నారు, ఆ కాలపు టీవీల్లో చాలావాటికి రెండు పద్ధతులూ తెలుసు. రిమోటుతో మెనూలోకి వెళ్ళి కలర్ సిస్టమ్ అన్న చోట ఏముందో చూడండి.

హంద్రీఒడ్డు
రిమోటు లేదు. అది పదేళ్ళ కిందటే పోయింది. ముందున్న మీటలతో ఆ మెనూ రావడం లేదు.

నల్లబండ_కడప
రిమోటు గురించి దిగులు పడవద్దు. మా కడపలో ఏడు రోడ్ల కూడలి దగ్గర బండ్ల మీద అన్ని టీవీలకూ పనిచేసే రిమోట్లు అమ్ముతారు, కర్నూలులోనూ తప్పకుండా దొరుకుతాయి. కొనే ముందు మీ టీవీ కంపెనీ పేరు చెప్పి, వాళ్ళ దగ్గరే కోడ్ పెట్టించుకోండి. ఇంటికొచ్చాక ఆ చీటీలోని అంకెలు చదవాలంటే భూతద్దం కావాలి.

గుంతకల్లు_జంక్షన్
చర్చ అంతా చదివాను. ఆ ముస్తఫా ఆట ఫైలు ఎక్కడ దొరుకుతుందో ఎవరైనా లింకు ఇస్తారా?

పాతమాస్టారు_అనంత
లింకులు ఇక్కడ అడగకపోవడం మంచిది. ఎమ్యులేటరు వాడటం వేరు, ఆటను కాపీ చేయడం వేరు. మన 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ ప్రకారం, ఒక ప్రోగ్రాము ప్రతిని న్యాయంగా కలిగినవారు అది పాడైపోతుందన్న ముందు జాగ్రత్తతో దానినుంచి మరొక ప్రతి తీసి ఉంచుకోవచ్చు. ఎవరో ఎక్కడో పెట్టినదాన్ని దింపుకోవడానికి ఆ వెసులుబాటు వర్తించదు. హక్కుదారులే ఉచితంగా వాడుకోనిచ్చిన కొన్ని పాత ఆర్కేడ్ ఆటలు, అంటే అంగడి యంత్రాల ఆటలు, వాటిని నడిపే మేమ్ అనే ఎమ్యులేటరు వారి అధికారిక సైటులో ఉన్నాయి, యంత్రం సరిగా ఉందో లేదో చూసుకోవడానికి అవి చాలు. పాత యంత్రాల కోసం ఈనాటివారు కొత్తగా రాసి పంచుతున్న ఆటలు కూడా బోలెడున్నాయి.

గుంతకల్లు_జంక్షన్
మరి హంద్రీఒడ్డు గారి ముస్తఫా ఎక్కడిది?

హంద్రీఒడ్డు
కార్డు మిత్రుడిది. నేను బోర్డు గురించి అడగడానికి వచ్చాను.

రూపాయిబిళ్ళ
నిజం చెప్పాలంటే మా అంగడిలోని బోర్డు కూడా నకలుదే. అప్పట్లో అసలు బోర్డు ధర వింటే అంగడి అమ్ముకోవాలనిపించేది. ఆ బోర్డు ఇప్పటికీ అటక మీద ఉంది.

సోల్డరు_పొగ
ఆర్కేడ్ ఆటల గురించి ఒక మాట చెబితే చాలామందికి తలనొప్పి తప్పుతుంది. ఆ ఫైళ్ళు ఎమ్యులేటరు ఏ సంచికకు (వెర్షనుకు) తయారయ్యాయో ఆ సంచికతోనే సరిగా నడుస్తాయి. మేమ్ 1997 నుంచి పెరుగుతూ వస్తోంది, మధ్యలో ఫైళ్ళ పేర్లు, ముక్కలు ఎన్నోసార్లు మారాయి. రెట్రోపైలోని మేమ్ 2003 అనేది 0.78 సంచికకు సరిపోయే ఫైళ్ళనే కోరుతుంది. నిన్నటిదాకా ఆడిన ఆట ఎమ్యులేటరు మార్చగానే తెరుచుకోకపోతే బోర్డును తిట్టకండి. బోర్డు శక్తి గురించి బెంగ కూడా అనవసరం. ఫామికామ్ ప్రాసెసరు వేగం 1.79 మెగాహెర్ట్జ్, మీ పై 3లో 1.2 గిగాహెర్ట్జ్‌వి నాలుగున్నాయి. 2021లో నాలుగు డాలర్లకు వచ్చిన పికో అనే వేలెడు బోర్డు మీద కూడా, 264 కిలోబైట్ల మెమరీతో, ఆ ఆటలు నడిపించినవారు ఉన్నారు.

తాడిపత్రి_అక్క
హంద్రీఒడ్డు గారూ, ఆటను మధ్యలో దాచుకునే అలవాటుంటే ఒక జాగ్రత్త. మా పాప ప్లేస్టేషన్ ఆట ఒకటి సెలవులంతా ఆడింది. ఆటలో సేవ్ చేసినప్పుడల్లా అది కార్డులోకి చేరుతోందనుకున్నాం. నిజానికి ఎమ్యులేటరు దాన్ని మెమరీలోనే ఉంచుకుని, ఆటలోంచి బయటికి వచ్చినప్పుడే కార్డులో రాస్తుంది. వేసవిలో సాయంత్రం గాలిదుమారానికి కరెంటు పోయింది, సెలవులు కూడా పోయాయి. రెట్రోపైలో ఎమ్యులేటర్లను నడిపే రెట్రోఆర్చ్ అమరికల్లో ఇన్ని సెకన్లకొకసారి రాయమని చెప్పే ఆటోసేవ్ ఒకటుంది, మేము 60 పెట్టాం. పవర్‌బ్యాంకు మీద నడపాలని కూడా చూశాను, కరెంటు పోయిన క్షణంలో మాది ఒక్క రెప్పపాటు ఆగి అందుకుంది. బోర్డుకు ఆ రెప్పపాటు చాలు, మళ్ళీ మొదటినుంచి లేస్తుంది.

నల్లబండ_కడప
అక్కగారు చెప్పింది అందరూ రాసిపెట్టుకోవలసిన విషయం. మా ఇంట్లో ఇన్వర్టరు ఉన్నందువల్ల ఆ బాధ తప్పింది, టీవీ ఆన్ చేస్తే ఫ్యాన్లు ఆపాలని మా ఆవిడ షరతు.

హంద్రీఒడ్డు
రిమోటు 150 రూపాయలకు తెచ్చాను. కోడ్ కుదరడానికి గంట పట్టింది. మెనూలో కలర్ సిస్టమ్ పాల్ దగ్గర బిగించి ఉంది. ఎప్పుడో కేబులు కనెక్షన్ పెట్టినతను అలా ఉంచి వెళ్ళి ఉంటాడని నాన్నగారు అన్నారు. ఆటో పెట్టి, కాన్ఫిగ్ ఫైలులో మళ్ళీ 0 రాసి బోర్డును లేపాను. రంగులు వచ్చాయి. మారియో 400 నుంచి 300కి 40 సెకన్లు. ముస్తఫా నీళ్ళలోంచి గట్టెక్కాడు. చిటపట పూర్తిగా పోయింది, స్పీకరుకు క్షమాపణ చెప్పుకున్నాను.

కానీ తాడిపత్రి అక్కగారి మాటే నిజం. 60లో మారియోను చూస్తే ఎవరో తరుముతున్నట్టుంది. మొదటి గుంతలోనే పడ్డాను.

సోల్డరు_పొగ
దానికీ మార్గముంది. ఎఫ్‌సీఈయూఎమ్ఎమ్ అనే ఎమ్యులేటరు అమరికల్లో రీజియన్ అన్న చోట డెండీ అని ఉంటుంది. రష్యాలో అమ్ముడైన నకలు యంత్రం పేరు అది, మన ఇళ్ళలోని యంత్రాలు కూడా ఆ రకానివే. టీవీ అమరికను 2లో ఉంచి, రీజియన్‌ను డెండీ చేస్తే, ఎమ్యులేటరు తాను 50లో నడుస్తున్నానని తెలుసుకుని నడుస్తుంది. వేగం చిన్ననాటిదే, చిటపట మాత్రం రాదు. మీ పాత అమరికలో అది 60 అనుకుంటూ 50లో ఈడ్చింది. అయితే 0 నుంచి 2కి మార్చిన ప్రతిసారీ బోర్డును ఆపి లేపాలి. ఇదంతా రెట్రోపై వారు విడుదల చేసిన సిద్ధమైన ఫైలుతో తయారుచేసిన కార్డుకే. కొత్త ఓఎస్‌లలో ఆ వరుస పనిచేయదు, అక్కడ వీసీ4.టీవీ_నార్మ్ అని మరో ఫైలులో రాయాలి.

గండికోట_రాత్రి
ప్రతిసారీ ఫైలు మార్చుకోవడం కన్నా రెండు కార్డులు పెట్టుకోవడం మేలు. 16 జీబీ కార్డు చాలు. అయితే అతి చవకగా వచ్చే పేరులేని కార్డులు కొనకండి. 64 అని రాసి ఉన్న కార్డులో 8 మాత్రమే ఉండటం నేను చూశాను. కొన్న వెంటనే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ప్రోగ్రాముతో మొత్తం నింపి పరీక్షించండి. ఇక 50లో ఆడటం తప్పని నేను ఇప్పటికీ అంటాను, కానీ కార్డు మీది, టీవీ మీది.

హంద్రీఒడ్డు
రెండో కార్డు సిద్ధమైంది. ఒకదాని మీద ఇల్లు అని, మరొకదాని మీద అంగడి అని రాసి అతికించాను. ఇల్లు కార్డు 50, డెండీ. అంగడి కార్డు 60. మాస్టారు గారి బీబీసీ మైక్రోను కూడా ఇల్లు కార్డులోనే ఎక్కించాను, అది ఏ తడబాటూ లేకుండా నడుస్తోంది, దానిలో ఏం చేయాలో మాత్రం నాకు తెలియదు.

పాతమాస్టారు_అనంత
పది అని కొట్టి, ప్రింట్ అని కొట్టి, కొటేషన్ గుర్తుల మధ్య మీ పేరు రాయండి. ఇరవై అని కొట్టి గోటూ పది అనండి. తరువాత రన్. మా పిల్లలందరూ అక్కడే మొదలుపెట్టారు. ఆపడానికి ఎస్కేప్ నొక్కాలి, అది చెప్పకుండా ఒకరోజు సెలవు పెట్టాను.

రూపాయిబిళ్ళ
హంద్రీఒడ్డు గారూ, ముస్తఫాలో కష్టం ఎంతలో పెట్టారు?

హంద్రీఒడ్డు
ముట్టుకోలేదు. వచ్చినప్పుడు మధ్యస్థంగా ఉంది. ఇప్పుడు ఒక్క బిళ్ళతో నాలుగో దశ దాకా వెళ్తున్నాను. చిన్నప్పుడు రెండో దశ దాటడమే గగనంగా ఉండేది.

రూపాయిబిళ్ళ
ఆ పాపంలో మాకూ భాగముంది. టెస్ట్ మెనూలోకి వెళ్ళి కష్టాన్ని రెండు మెట్లు పెంచండి. సెలవుల్లో, జాతరప్పుడు నేను మూడు మెట్లు పెంచేవాణ్ణి.